మూతబళ్ళు

ఆ వేసవిలో మా ఊరు ఇరవై రోజులకి పైగా కంపు కొట్టింది. ఇప్పటికీ ఆ రోజుల మాట ఎవరైనా ఎత్తితే ముందు ముక్కు ముడుచుకుంటారు, తర్వాత నవ్వుతారు, ఆ తర్వాత నా వైపు తిరిగి "ఏమైనా మీ అత్తయ్య గొప్ప మనిషమ్మా" అంటారు. ఆ మూడింటిలో ఏదీ నాకు సహించదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అత్తయ్య అంటే మా నాన్న అక్కగారు. పరాయిపాలన రోజుల్లో రెండుసార్లు జైలుకి వెళ్ళొచ్చింది. ఊళ్ళో అందరూ ఆవిడని జైలమ్మ అనేవాళ్ళు. ఎదురుగా గౌరవంగా, వెనకాల వెటకారంగా; మాట మాత్రం ఒకటే. స్వాతంత్ర్యం వచ్చాక ఆవిడతో పాటు జైల్లో ఉన్నవాళ్ళు ఒక్కొక్కరే తలా ఒక కుర్చీ వెతుక్కున్నారు. ఆవిడ రైలుకట్ట అవతల సందు వెతుక్కుంది. ఊళ్ళోని మరుగుదొడ్లలో డబ్బాలు ఎత్తే ఆడవాళ్ళు పిల్లాపాపలతో కాపురముండే సందు అది. అక్కడ పిల్లలకి అక్షరాలు దిద్దించేది, పురుడొస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళేది, ఆఫీసులకి అర్జీలు రాసేది. పొద్దుగూకే వేళకి మా ఇంటికొచ్చి మేడమీద గదిలో ఉండేది. ఆ గదికి బయటనుంచే మెట్లు. కింద ఇంట్లోకి రావాలంటే మాత్రం పెరట్లో స్నానం చేసి రావాలన్నది మా అమ్మ పెట్టిన షరతు.

"వదిన దేశానికి ఎంత సేవ చేసిందో నాకు తెలీదు. నా వంటింట్లోకి ఆ చేతుల్తో రావడానికి మాత్రం వీల్లేదు" అనేది అమ్మ.

అత్తయ్య ఒక్కసారీ ఎదురు చెప్పలేదు. రెండు చెంబుల నీళ్ళు గుమ్మరించుకుని, తడి జుట్టుతోనే వచ్చి కూర్చుని, "పెట్టు" అనేది.

నాన్న పురపాలక సంఘం ఆఫీసులో హెడ్ గుమాస్తా. నాకు పంతొమ్మిదో ఏడు రాగానే అదే ఆఫీసులో టైపిస్టుగా చేరాను. నాన్న వేయించాడని అందరూ అనుకున్నారు. నిజానికి జైలమ్మ మేనకోడల్నని ఛైర్మన్ గారు ఇచ్చిన ఉద్యోగం అది. ఆయనా అత్తయ్యా ఒకే ఏడాది జైలుకి వెళ్ళినవాళ్ళు.

ఆఫీసు వెనక రేకుల షెడ్డులో పద్నాలుగు బళ్ళు ఉండేవి. రెండు చక్రాలు, లోతైన ఇనప తొట్టి, దానికి బిగుతుగా పట్టే మూత. డబ్బా నెత్తిన పెట్టుకుని మోసే పని లేకుండా తోసుకుపోవడానికని తెప్పించినవి. అత్తయ్య మూడేళ్ళ పాటు అర్జీ మీద అర్జీ పెడితే వచ్చాయి. వచ్చి ఏడు నెలలైంది. మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించేదాకా వాటిని బయటికి తియ్యకూడదని ఛైర్మన్ గారి మాట. మంత్రిగారికి తీరిక దొరకలేదు. ఆకుపచ్చ రంగు మెరుస్తున్న కొత్త బళ్ళు టార్పాలిన్ల కింద ఉండేవి. ఆ షెడ్డు గోడ పక్కనుంచే ఆడవాళ్ళు నెత్తిన కారుతున్న డబ్బాలతో నడిచిపోయేవాళ్ళు. కారింది చెంప మీదికి రాకుండా తలని ఒక పక్కకి వంచి నడిచేవాళ్ళు. నా టైపు మిషను పక్కనున్న కిటికీలోంచి ఆ షెడ్డూ ఆ తలలూ ఒకేసారి కనిపించేవి. నేను కిటికీ రెక్క మూసుకుని టైపు చేసుకునేదాన్ని.

మా వీధికి వచ్చే ఆమెని మా ఇంట్లో పొడుగామె అనేవాళ్ళం. వెనక సందులోంచి వచ్చి, మరుగుదొడ్డి కిందనున్న రేకు తలుపు తెరిచి, మా డబ్బా లాగి తన దాంట్లో పోసుకుని, బూడిద చల్లి వెళ్ళేది. ఆ రేకు చప్పుడు వినపడగానే ఇంట్లో అందరికీ ముందు గదిలో ఏదో పని గుర్తొచ్చేది.

ఒకరోజు ఆ చప్పుడయ్యాక ఆమె పెరటి గుమ్మం దగ్గర నిలబడి పిలిచింది.

"అమ్మగారూ, రేపట్నుంచి రామండీ."

"ఏం, ఒంట్లో బాలేదా?" అంది అమ్మ.

"నేనే కాదు, ఎవ్వరం రాము. ఆ బళ్ళు బయటికి తీసేదాకా, మా సందులో కుళాయి వేసేదాకా రాము. మీ వదినగారు చెప్పలేదా?"

అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. ఆ క్షణంలో నాకెందుకు బుద్ధి పుట్టిందో, అడిగేశాను.

"రోజూ ఈ పని చేస్తావు కదా, నీకు అసహ్యం వెయ్యదా?"

ఆమె కోపం తెచ్చుకోలేదు. నిజంగానే గుర్తుతెచ్చుకుంటున్నట్టు కాసేపు ఆగింది.

"వెయ్యకేం పాపా. మొదటిరోజు అన్నం ముట్టలేదు. రెండోరోజు ఆకలేసింది."

అంతే చెప్పి డబ్బా ఎత్తుకుంది.

*

మొదటి రెండు రోజులూ ఊరు నవ్వుకుంది. మూడో రోజు కిటికీలు మూసుకుంది. ఐదో రోజుకి కిటికీలు మూసుకున్నా లాభం లేకపోయింది. ఆ ఎండకి అంతా ఉడికి పొంగింది. ఎక్కడ చూసినా ఈగలు. కంచం అంచున ఈగలు, పాలగిన్నె మూత మీద ఈగలు, నా టైపు మిషను మీటల మీద ఈగలు. జనం కాయితాల్లో పొట్లాలు కట్టి ఇంకొకరి గోడవతలకి విసిరేసేవాళ్ళు. ఎదురింటి ప్లీడరు గారు తెల్లవారగానే తమ డబ్బా మోసుకెళ్ళి పక్కింటివాళ్ళ మెట్ల మీద కుమ్మరించడం నేను కళ్ళారా చూశాను. తిరిగొస్తూ నన్ను చూసి, ఖాళీ డబ్బా వీపు వెనక పట్టుకుని, "కాస్త నడకకి వెళ్ళొచ్చానమ్మా" అన్నాడు.

నాన్న అత్తయ్యని పట్టుకున్నాడు.

"అక్కయ్యా, ఊరి సంగతి ఊరిది. కనీసం మన ఇంట్లోదన్నా నువ్వు తీసి పారెయ్యకూడదూ? నీకు అలవాటేగా."

"నాకేం అలవాటు? నాకు అర్జీలు రాయడం అలవాటు" అంది అత్తయ్య. "పెరట్లో ఆ మూల గొయ్యి తవ్వాను. నాది నేను పూడ్చుకుంటున్నాను. పార అక్కడే ఉంది. మీది మీరు ఎత్తుకోండి."

"నేనా?" అన్నాడు నాన్న.

ఆ 'నేనా' ఇప్పటికీ నా చెవిలో ఉంది. గాల్లోకి ఎగరమన్నా ఆయన అంత ఆశ్చర్యపోయేవాడు కాదు.

ఇంట్లో ఎవరూ ఏమీ తేల్చలేదు. తేల్చని పనులన్నీ ఎవరి నెత్తిన పడతాయో ఇదీ వాళ్ళ నెత్తినే పడింది. ఆరో రోజు పొద్దున అమ్మ మూతికి గుడ్డ కట్టుకుని ఆ రేకు తలుపు దాకా రెండుసార్లు వెళ్ళి వెనక్కొచ్చింది. మూడోసారి తెరిచింది. డబ్బా పట్టుకుని గొయ్యి వైపు నడుస్తూ సగంలో ఆగి, దాన్ని కింద పెట్టి, గోడ పట్టుకుని కక్కుకుంది. మూతి తుడుచుకుని మళ్ళీ ఎత్తుకుంది. వచ్చి రెండుసార్లు స్నానం చేసి వంట చేసింది.

నాన్న కంచం ముందు కూర్చుని ముద్ద కలుపుతూ, "చేతులు బాగా కడుక్కున్నావా?" అన్నాడు.

అమ్మ ఇంకో గరిటె వడ్డించింది. నేను కంచం పక్కకి జరిపేశాను. అది డబ్బా వల్ల కాదు. నేను మాత్రం డబ్బా ముట్టుకున్నానా అంటే, లేదు. ఆఫీసుకి ఆలస్యమవుతుందన్నాను.

*

తొమ్మిదో రోజు ఛైర్మన్ గారు మా ఇంటికొచ్చారు. తెల్లటి బట్టలు, అత్తరు రాసిన చేతిరుమాలు. ఆయన గురించి మూడో తరగతిలో ఒక పాఠం ఉండేది; మేమంతా బట్టీపట్టినవాళ్ళమే. జైల్లో దేశభక్తుల చేత పాయిఖానా డబ్బాలు ఎత్తించాలని జైలరు చూస్తే, ఆయన పదకొండు రోజులు అన్నం మానేసి, ఆ హుకుం రద్దు చేయించారని ఆ పాఠం.

"అక్కా, యువకులతో సేవాదళం పెడుతున్నాను" అన్నారాయన. "మేమే పారలు పట్టి ఊరు శుభ్రం చేస్తాం. నేనూ పడతాను. ముందు వరసలో మీరు నడవాలి. పత్రికలవాళ్ళు కూడా వస్తున్నారు."

"ఎన్నాళ్ళు చేస్తారు?" అంది అత్తయ్య.

"అంటే?"

"సేవ ఎన్నాళ్ళు చేస్తారని. మా వీధికొచ్చే ఆమె ఇరవై ఏళ్ళుగా చేస్తోంది."

"అది వాళ్ళ పనక్కా. ఇది త్యాగం."

"అదే నేనూ అంటున్నది. వాళ్ళు మోస్తే పని, మనం మోస్తే త్యాగం. మీరు ఒక్క పూట త్యాగం చేసి వాళ్ళ సమ్మె విరగ్గొడతారు. నేను రాను. ఆ షెడ్డు తాళం తియ్యండి, రేప్పొద్దున్నే అందరూ పనిలో ఉంటారు."

"మంత్రిగారి తేదీ ఇవాళో రేపో ఖాయమవుతుంది. ఆయన చెయ్యి పడకుండా బళ్ళు ఎలా తీస్తామక్కా? పద్ధతంటూ ఒకటి ఉంటుందిగా."

అత్తయ్య ఆయన మొహంలోకి చూసింది. "జైల్లో మీ డబ్బా ఎవరు మోశారు?"

"ఎప్పుడు?"

"పదకొండు రోజులు పస్తుండి మీరు గెలిచారే, ఆ తర్వాత."

"ఎవరో మామూలు ఖైదీలు. ఇప్పుడెవరికి గుర్తుంటుంది?"

"నాకూ గుర్తులేదు. ఆడవాళ్ళ బారకులో నేనూ మీలాగే మొండికేశాను. నా డబ్బా ఒక దొంగతనం కేసు మనిషి మోసింది. ఎనిమిది నెలలు. పేరైనా అడగలేదు. పొద్దున్నే లేచి దేశానికి విముక్తి కావాలని పాట పాడేదాన్ని. ఆమె డబ్బాతో నా ముందునుంచి వెళ్తుంటే పాట ఆపి ముక్కు మూసుకునేదాన్ని. ఆమె దాటిపోయాక మళ్ళీ ఎత్తుకునేదాన్ని. రాగం కూడా తప్పేది కాదు."

అత్తయ్య కళ్ళల్లో నీళ్ళేం లేవు. కుళ్ళిన పండు కొరికి, ఉమ్మడానికి చోటు దొరకని మనిషి మొహంలా ఉంది ఆవిడ మొహం. వంటింటి గుమ్మంలో అమ్మ గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

ఛైర్మన్ గారు లేచారు. "మీకు వయసు మీద పడుతోందక్కా" అని, మా గుమ్మం దాటకముందే చేతిరుమాలు ముక్కుకి పెట్టుకున్నారు.

*

పన్నెండో రోజు సేవాదళం బయల్దేరింది. నలభైమంది. అందులో నాన్న కూడా. అందరి చేతులకీ మోచేతుల దాకా రబ్బరు తొడుగులు, కాళ్ళకి బూట్లు. చేతులకి తొడుగులు కావాలని అత్తయ్య రాసిన అర్జీకి 'ఇటువంటి వస్తువులు సరఫరా చేయుటకు అవకాశము లేదు' అని జవాబు టైపు చేసింది నేనే. అవకాశం లేని వస్తువు నలభై జతలు రెండు రోజుల్లో వచ్చిపడింది.

గడియార స్తంభం నుంచి స్టేషను దాకా ఉన్న పెద్ద రోడ్డు ఊడ్చారు. ఛైర్మన్ గారి ఇల్లూ, దాని అటూ ఇటూ ఉన్న మూడిళ్ళూ శుభ్రం చేశారు. ఆఫీసు ముందు ఫోటోలు తీశారు. వెలుతురు సరిగా పడలేదని ఫోటోగ్రాఫరు అడిగితే నాన్న డబ్బాని మూడుసార్లు ఎత్తి దించాడు. అది బజార్లోంచి ఆ పూటే తెచ్చిన కొత్త డబ్బా. మూడోసారి నవ్వాడు కూడా. ఎండ ముదిరేసరికి సేవ ముగిసింది. మళ్ళీ ఆ నలభైమందిలో ఒక్కడూ పార ముట్టలేదు.

భోజనానికి నేనూ నాన్నా కలిసే ఇంటికెళ్ళాం. నాన్న ముందు గదిలో తన కుర్చీలో కూలబడి, "నీళ్ళు కాచావా? ఒళ్ళంతా కంపు" అని కేకేశాడు.

అమ్మ అప్పుడే పెరట్లో గొయ్యి దగ్గర్నుంచి వస్తోంది. గుమ్మంలో ఆగి నాన్న భుజానికి వేలాడుతున్న రబ్బరు తొడుగుల్ని చూసింది. వెనక్కి వెళ్ళింది. ఒక చేత్తో పార, ఇంకో చేత్తో డబ్బా తెచ్చి నాన్న కుర్చీ ముందు, ఆయన కాళ్ళకి జానెడు దూరంలో పెట్టింది.

"ఇది మీది. నాదీ అమ్మాయిదీ వేరే పెట్టాను. ఇంక మీది మీరే" అంది. సాయంత్రం కూరేం చెయ్యమంటారు అని అడిగే గొంతే అది.

తర్వాత ఒళ్ళు కడుక్కోకుండా, ఆ చేతుల్తోనే బయట మెట్లెక్కి అత్తయ్య గదికి వెళ్ళింది. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి అమ్మ ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

నాన్న చాలాసేపు ఆ డబ్బా వంక చూస్తూ కూర్చున్నాడు. ఆఖరికి నన్ను పిలిచాడు. "అమ్మాయ్, నువ్వైనా..."

"ఆఫీసుకి టైమైంది నాన్నా" అన్నాను.

*

ఇరవై ఒకటో రోజు ఆర్డరు తయారైంది. నాన్న పెన్సిలుతో రాసిచ్చాడు; నేను మూడు కార్బన్లు పెట్టి టైపు చేశాను. రేపు ఉదయం ఆరు గంటలకు విధులలో లేని ప్రతి కార్మికురాలు సంఘమునకు చెందిన గృహమును తక్షణమే ఖాళీ చేయవలెను. సామాన్లు బయట పడేయడానికి రెండు లారీలు, వాళ్ళ బదులు పొరుగూరి నుంచి తెప్పించే కొత్త మనుషులకి ఇంకో లారీ. సాయంత్రం ఛైర్మన్ గారు సంతకం పెట్టగానే సందు గోడకి అంటిస్తారు.

నాన్న కాయితం ఎత్తి చూసి, "భలే కొట్టావే! ఒక్క తప్పు లేదు" అన్నాడు.

ఒక్క క్షణం నాకు సంతోషం వేసింది. ఈ కథలో నాకు రోత పుట్టించే వాటిలో ఆ క్షణం ఒకటి.

మధ్యాహ్నం ఇంటికెళ్ళేసరికి అమ్మా అత్తయ్యా మేడమీద ఎదురెదురుగా కూర్చుని భోంచేస్తున్నారు. చెప్పేశాను.

"ఎవరు టైపు చేశారు?" అంది అత్తయ్య.

"నేనే."

"ఊఁ. అందులో ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. ఆవిడ చేతిలో ముద్ద అలాగే పట్టుకుని విన్నది.

"ఆరు గంటలకి పనిలో ఉండాలన్నారు. ఎలా మొయ్యాలో రాశారా?"

"రాయలేదు."

"డబ్బా నెత్తినే పెట్టుకోవాలని ఎక్కడా లేదు కదా?"

"లేదు."

"బళ్ళు షెడ్డులోనే ఉన్నాయా?"

"షెడ్డులోనే. తాళంచెవి నాన్న బల్ల సొరుగులో ఉంటుంది."

ఆవిడ ఇంకేమీ అడగలేదు. "వెళ్ళి చేతులు కడుక్కుని అన్నం తిను" అంది.

ఆఫీసుకి తిరిగి వెళ్ళాను. నాన్న ఛైర్మన్ గారి గదిలో ఉన్నాడు. సొరుగు లాగి తాళంచెవి తీసి సంచిలో వేసుకున్నాను. తర్వాత కూర్చుని, జనన మరణాల రిజిస్టరు గురించి వచ్చిన ఒక ఉత్తరానికి జవాబు టైపు చేశాను. సాయంత్రం రైలుకట్ట దగ్గర తాళంచెవిని అత్తయ్య చేతిలో పెట్టాను. ఆవిడ పిడికిలి మూసుకుంది.

మర్నాడు తెల్లారగానే ఆఫీసు దొడ్లోకి ఇరవై ఎనిమిదిమంది ఆడవాళ్ళు వచ్చారు. అత్తయ్య తాళం తీసింది. పక్కన పొడుగామె నిలబడి ఉంది. టార్పాలిన్లు లాగేశారు. పొడుగామె ఒక బండి మూత తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచి మూసింది. "బిగుతుగానే ఉంది" అంది. గడియార స్తంభం ఆరు కొడుతుండగా బండికి ఇద్దరు చొప్పున తోసుకుంటూ పెద్ద గేటులోంచి బయటికి నడిచారు.

జనం వీధుల్లోకొచ్చి చప్పట్లు కొట్టారు. ఇన్నాళ్ళూ పొట్లాలు విసిరినవాళ్ళే. ఎదురింటి ప్లీడరు గారు అందరికంటే గట్టిగా కొట్టాడు. మధ్యాహ్నానికి ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంది. పనిలోకి వచ్చినవాళ్ళని ఇళ్ళలోంచి గెంటడానికి ఆర్డరులో దారి లేదు. లారీలు వెనక్కి వెళ్ళిపోయాయి.

నాన్న తొమ్మిదింటికి ఆఫీసుకొచ్చి నేరుగా షెడ్డు దగ్గరికి వెళ్ళాడు. గొళ్ళానికి తాళం తెరిచి వేలాడుతోంది. వెనక్కొచ్చి సొరుగు లాగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి నన్ను చూశాడు. నేను మీటల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాను.

ఆయన సామాన్ల గదిలోంచి సుత్తి తీసుకుని మళ్ళీ బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి అంతా కనిపించింది. తాళాన్ని ఒక రాయి మీద పెట్టి కొట్టాడు. మంచి తాళం అది, ఓ పట్టాన పగల్లేదు. ఆరో దెబ్బ వేలి మీద పడింది. వేలు నోట్లో పెట్టుకుని చీక్కుంటూ, రెండో చేత్తో ఏడో దెబ్బ కొట్టాడు. కొక్కెం ఊడిపోయింది. ముక్కల్ని చేతిరుమాల్లో చుట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు.

"టైపు చెయ్యి. గౌరవనీయులైన పోలీసు ఇన్‌స్పెక్టరు గారికి..."

టైపు చేశాను. తాళము పగులగొట్టి సంఘము వారి ఆస్తిని తరలించుకుపోయినారని. ముద్దాయిలు ఇద్దరు. మొదటి పేరు ఆయన అక్కది. రెండోది పొడుగామెది. ఆమెకి ఒక పేరుందని, అది రెండక్షరాల చిన్న పేరని నాకు ఆ రోజే తెలిసింది.

కింద సంతకం పెట్టి నాన్న అన్నాడు, "తాళం పగిలింది. నువ్వు చూశావు. ఇంక తాళంచెవి సంగతి ఎవ్వరూ అడగరు."

నన్ను కాపాడుకోవడానికి చేశాడా, తన ఉద్యోగాన్ని కాపాడుకోవడానికా? రెండూ అయ్యుంటాయి. రెండింటినీ విడదీసి, ఒకదానికి దణ్ణం పెట్టి రెండోదాని మీద ఉమ్మేద్దామని ఎన్నోసార్లు చూశాను. విడిపడలేదు.

*

కేసు మూడు వారాల్లో తేలింది. కోర్టు గదిలో మేజిస్ట్రేటు బల్ల మీద ఆ తాళం ముక్కలు పెట్టారు. నాన్న బోనులోకొచ్చి గుర్తుపట్టాడు.

"తాళం ఎవరు పగలగొట్టారు?" అని అడిగారు అత్తయ్యని.

"నేనే."

"దేనితో?"

"రాయితో."

నాన్న తల దించుకుని తన వేలికున్న కట్టు సర్దుకున్నాడు.

తర్వాత పొడుగామె. "మీరూ ఉన్నారా పగలగొట్టినప్పుడు?"

ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి నా వంక చూసింది. మళ్ళీ అటు తిరిగి, "ఉన్నానండి. రాయి నేనే అందిచ్చాను" అంది.

నేను రెండో వరసలో అమ్మ పక్కన కూర్చుని ఉన్నాను. అమ్మ నా మణికట్టు పట్టుకుని గట్టిగా నొక్కింది. ఆ నొక్కుడు లేచి చెప్పమనో, నోరు మూసుకుని కూర్చోమనో నాకిప్పటికీ తెలీదు. తర్వాత అమ్మని అడగలేదు. నేను కూర్చున్నాను.

దేశానికి చేసిన సేవని దృష్టిలో పెట్టుకుని అత్తయ్యకి ఒక నెల వేశారు. అటువంటి సేవ ఏదీ లేనందువల్ల పొడుగామెకి రెండు నెలలు. ఉద్యోగం కూడా పోయింది.

వాళ్ళిద్దరూ లోపల ఉండగానే మంత్రిగారికి తీరిక దొరికింది. బళ్ళన్నీ ఒకరోజు ముందు పట్టుకెళ్ళి, కడిగి, మళ్ళీ రంగేసి, ఆఫీసు ముందు వరసగా నిలబెట్టారు. వాటిని తోసే ఆడవాళ్ళని ఫోటోలో పడకుండా గోడవతల నిలబెట్టారు. రిబ్బను తెగింది. మనిషి నెత్తిమీది బరువు దించడమే తన జీవితాశయమని ఛైర్మన్ గారు ప్రసంగించారు. ఆయన గొంతు నిజంగానే బొంగురుపోయింది. అదే అన్నిటికంటే రోత. ఆ ప్రసంగం టైపు చేసిందీ నేనే. అది కొట్టిచ్చి, మర్నాడు రాజీనామా ఇచ్చాను. అప్పుడివ్వడం వల్ల ఎవరికీ ఏమీ ఒరగలేదని నాకూ తెలుసు.

అమ్మ మేడమీద గదిలోనే ఉండిపోయింది. అక్కడే పొయ్యి పెట్టుకుంది. నాన్న హోటల్లో తినేవాడు, పొడుగామె లేని మా వీధికి ఇంకెవరూ రాక, తన డబ్బా తనే గొయ్యి దాకా మోసుకునేవాడు. అత్తయ్య విడుదలై మా ఇంటికి రాలేదు. సందులో ఒక గది తీసుకుని, తర్వాత తొమ్మిదేళ్ళు అక్కడే బతికి, అక్కడే పోయింది. పొడుగామె ఉద్యోగం తిరిగి ఇప్పించడానికి ఆవిడకి ఎనిమిది నెలలు పట్టింది.

పొడుగామె జైలు నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే నేను ఆ సందుకి వెళ్ళాను. మంత్రిగారి రాకకి కొత్తగా వేసిన కుళాయి దగ్గర ఆడవాళ్ళు వరసలో నిలబడి ఉన్నారు. ఎవరూ పలకరించలేదు. పొడుగామె గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటోంది. జైల్లో జుట్టు కత్తిరించినట్టున్నారు, దువ్వెనకి అందడం లేదు.

"ఆ తాళం మీరు పగలగొట్టలేదు" అన్నాను. "తాళంచెవి నేనిచ్చాను. కోర్టులో లేచి చెప్పాల్సింది. చెప్పలేదు."

"తెలుసు పాపా. తాళం తీస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాగా."

"మరి మీరెందుకు చెప్పలేదు?"

"మీ అత్తయ్యగారు ముందే మాట తీసుకున్నారు. పిల్ల పేరు బయటికి రాకూడదు, దాని బతుకు పాడవుతుందన్నారు. సరేనన్నాను."

పొడుగామె దువ్వెన పక్కన పెట్టింది.

"నా మీద కోపంగా ఉందా?" అని అడిగాను.

"కోపమేం లేదు. అత్తయ్యగారి మీదా లేదు. ఆవిడ వస్తే చాప పరిచి కూర్చోబెడతాను." ఆమె లేచి నిలబడింది. నా కంటే జానెడు ఎత్తుంటుంది. "నీ మొహం చూస్తే మాత్రం కడుపులో తిప్పుతోంది పాపా. మళ్ళీ రాకు."

లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. గట్టిగా కాదు, మామూలుగానే.